గడప దాటని బూటు

అన్నకు దండాలు.

జవాబు ఇంటికి రాయకు. మా అత్త ఎవరితోనైనా చదివించుకుంటుంది. సోమవారం పిల్లను పెద్దాసుపత్రికి తెస్తున్నాను. నిజామాబాద్ బస్టాండుకు నువ్వే రా.

పోలియో వచ్చిన మా బిడ్డ సాయవ్వ కాలికి నువ్వు దగ్గరుండి చేయించిన ఇనుప కమ్మీలు బాగానే ఉన్నాయి. వాటితో పిల్ల చెరుకు బండ్ల బాట దాకా నడిచింది. కానీ ఆ కమ్మీలు తోలు బూటుకు బిగించి ఉన్నాయి కదా. "దేవుడున్న ఇంట్లకు చెప్పులు తెస్తరానే?" అంటుంది అత్త. మీ బావేమో తల్లి మాట కాదనడు. గడప దగ్గర బూటు విప్పితే కమ్మీలూ ఊడతాయి. ఇక లోపల పిల్ల పాకుడే.

వానలు పట్టినప్పటి నుంచి ఎక్కువగా ఇంట్లోనే ఉంటోంది. మోకాలు వంగి బిగుసుకుపోతోంది. నూనె రాసి చాపబోతే కేక పెడుతోంది. మోకాలు అలా బిగుసుకుంటే కమ్మీలు పట్టవు, నరం కోసి చాపాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆయన అడిగితే ఏమని చెప్పాలి?

ఇంట్లో మట్టుకే తొడిగేందుకు, బయటి మట్టి తగలని గుడ్డ బూటు ఆ కమ్మీలకు కుడతారేమో అవి చేసినవాళ్లను అడుగు. అదైనా అత్త ఒప్పుకుంటుందో లేదో.

నిన్న వాన తెరిపిస్తే కమ్మీలు తొడిగి వాకిట్లో నిలబెట్టాను. అంతలో మళ్లీ వాన వచ్చింది. లోపలికి తెద్దామని బూటు విప్పబోతే, పిల్ల గుంజను పట్టుకుని తడుస్తూ నిలబడింది.

"నేను రాను అవ్వా, ఇంట్ల నాకు కాళ్లుండవు" అని నాతో అంది.

నీ చెల్లె