మా వాడంత పనికిమాలినవాడు లేడు

తాష్-బులాక్,
అక్టోబరు మొదట్లో

జిల్లా ఉపాధి కేంద్రంలో పనిచేసే మెదెర్ గారికి, మీ ఇంట పొయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండాలని కోరుకుంటూ బుర్మకాన్ ముసలమ్మ రాసేది.

నేను చదివింది తక్కువ. అక్షరాలు కొండెక్కే గొర్రెల్లా ఉంటే ఏమీ అనుకోకండి. అసలీ ఉత్తరం మీకు అందుతుందో లేదోనని భయంగా ఉంది. టపా బండి మొన్న వాగులో ఆగిపోయిందట.

ప్రభుత్వం ఉచితంగా నేర్పే బుల్డోజరు శిక్షణ కోసం మా మనవడు కుబాన్ మొన్నే మీ దగ్గర పేరు రాయించుకున్నాడు. తొలి మనవడు కాబట్టి మావాళ్ల ఆనవాయితీ ప్రకారం నేనే తెచ్చుకుని పెంచాను. శిక్షణ అయ్యాక ఒక్కరిని కనుమ మీద మంచు తీసే పనికి తీసుకుంటారట. ఆ పని రాకపోతే మిగతా కుర్రాళ్లలాగే వీడూ మాస్కో వెళ్లి గిడ్డంగుల్లో పెట్టెలు మోస్తాడు. ఆ తర్వాత నేను వాడి మొహం చూస్తానో లేదో. వాణ్ణి బాగా తెలిసినవాళ్లతో నాలుగు మాటలు రాయించి పంపమన్నారటగా. నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే రాస్తున్నాను.

మా కుబాన్ అంత పనికిమాలినవాడు ఈ లోయలోనే లేడు. వాడి మొహం చూస్తే పాలు విరుగుతాయి. చెవులు మీరే చూశారు. ఇంజను అంటే ఏమిటో తెలీదు. మా పాత ట్రాక్టరును మొత్తం విప్పి మళ్లీ బిగించాడంటే, అది దానంతటదే కుదురుకుంది. పోయిన చలికాలం మంచు తుపానులో పై ఊరి నిండు చూలాలిని ఆస్పత్రికి చేర్చాడని జనం చెప్పుకుంటారు. నమ్మకండి. వాడు ఎలాగూ అటే పోతున్నాడు. తాగడు. అది కూడా చేతకాకే. ఇంతకంటే రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మీ మేలు కోరే
బుర్మకాన్

మరో మాట: చదవడం అయ్యాక పక్కకు తిరిగి తూ అని ఉమ్మండి. కాయితం మీద కాదు.

*

జిల్లా ఉపాధి కేంద్రం

గౌరవనీయులైన బుర్మకాన్ అపా గారికి,

మీ ఉత్తరం అందింది. నేను రాజధాని బిష్కెక్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ జిల్లాకు కొత్త. మిగతా అభ్యర్థుల ఇళ్ల నుంచి "మావాడు ఏదో మామూలువాడు" అని ఒక్క ముక్క రాసి పంపారు. మీరొక్కరే దాచకుండా వివరాలిచ్చారు. కృతజ్ఞతలు.

మీరు రాసినదాన్ని బట్టి కుబాన్‌ను బుల్డోజరు శిక్షణ నుంచి తప్పించి, పని మీద ఉత్సాహం లేనివారి కోసం నడిపే తరగతిలో చేర్చాం. పొద్దున్నే ఎందుకు లేవాలో, లేచాక ఏం చేయాలో అక్కడ నేర్పుతారు. అతను మారుమాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. ఉత్సాహం లేదనడానికి అదే గుర్తని పాఠం చెప్పే ఆవిడ అన్నారు.

భవదీయుడు,
మెదెర్ ఒరోజాలియెవ్
ఉద్యోగ సలహాదారు

మరో మాట: ఉమ్మడం కుదరలేదు. గోడలకు కొత్తగా సున్నం వేశారు.

*

తాష్-బులాక్

మెదెర్ బాబుకు బుర్మకాన్ రాసేది. నువ్వు చల్లగా ఉండాలి, ఉంటూనే కాస్త ఆలోచించాలి.

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పులుసు సంగతి మర్చిపోయాను. మాడిపోయింది. "మీరు" అనడం కూడా మర్చిపోయాను, కోపం తెచ్చుకోకు.

నేను రాసింది అలాగేనా నాయనా చదివేది? తిరగేసి చదవాలి గాని! ఇంతకంటే విడమరిచి చెప్పడం నావల్ల కాదు. వినేవి ఏవో వింటూనే ఉంటాయి.

కుబాన్ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం రాశావు నానమ్మా?"

"రాయాల్సిందే రాశానురా."

"కాస్త ఎక్కువైందేమో."

"తక్కువ రాస్తే, రేప్పొద్దున నీ బుల్డోజరు లోయలో పడితే?"

"ఇప్పుడు బుల్డోజరే లేదుగా, ఇంక పడేదేముంది!" అని గొడ్డలి తీసుకుని దొడ్లోకి పోయాడు. చీకటి పడేదాకా కట్టెలు కొడుతూనే ఉన్నాడు. మా ఇంటికి సరిపడా కొట్టాడు, ఎదురింటికీ కొట్టాడు. ఇదీ మీరు ఉత్సాహం నేర్పుతున్న పిల్లాడి సంగతి.

సరే, మంచివాడి గురించే వినాలని ఉంటే విను. మా పక్కింటి కాల్‌బూబు మనవడు జెనిష్ అని ఒకడున్నాడు. మేలిమి బంగారం. చప్పుడు విని ఇంజనుకు రోగమేమిటో చెప్పేస్తాడు. మా పాత ట్రాక్టరుకు ప్రాణం పోసింది వాడే అనుకో. తుపానులో ఆ చూలాలిని ఆస్పత్రికి చేర్చిందీ వాడే అనుకో. పెద్దవాళ్లు కనబడితే గుర్రం దిగుతాడు. కనుమ మీద మంచు తీయాలంటే వాడే తీయాలి. ఎవరి గురించి రాస్తున్నానో బుర్ర ఉన్నవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆందోళనతో,
బుర్మకాన్

మరో మాట: కుబాన్ మధ్యాహ్నం సరిగ్గా తింటున్నాడా? నేనడిగానని చెప్పకు. వాడు తిండికి తప్ప దేనికీ పనికిరాడు.

*

జిల్లా ఉపాధి కేంద్రం

గౌరవనీయులైన బుర్మకాన్ అపా గారికి,

మీ రెండో ఉత్తరం ఎంతో ఉపయోగపడింది. మీరు చెప్పిన జెనిష్ కూడా మా దగ్గర పేరు నమోదు చేయించుకున్నవాడే. అతనికి మీరు బంధువు కారు. పైగా సొంత మనవడినే వెనకేసుకురాని మనిషి. అలాంటివారి మాటకు మేం ఎక్కువ విలువ ఇస్తాం. అందువల్ల కుబాన్ ఖాళీ చేసిన చోటు జెనిష్‌కు ఇచ్చాం.

కనుమ మీది పనులు చూసే పెద్దాయన వచ్చే వారం ఎంపికకు వస్తున్నారు. ఆయనకు జెనిష్ పేరే ముందు చెబుతాం. ట్రాక్టరు సంగతీ, చూలాలి సంగతీ ప్రస్తావిస్తే తనకేమీ గుర్తు లేదని జెనిష్ అన్నాడు. వినయం కాబోలు అనుకున్నాం.

కుబాన్ భోజనం బాగానే చేస్తున్నాడు. తరగతి గదిలో చాలాకాలంగా చెడిపోయి ఉన్న హీటరును బాగుచేశాడు. అనుమతి లేకుండా చేసినందుకు మందలించాం.

భవదీయుడు,
మెదెర్ ఒరోజాలియెవ్

మరో మాట: మీరు చెప్పినట్టే మొదటి ఉత్తరం తిరగేసి చూశాను. వెనకవైపు ఖాళీగా ఉంది.

*

తాష్-బులాక్

మెదెర్‌కు,

ఏం దీవించాలో తోచడం లేదు. ఆ జాగా ఖాళీగా వదిలేస్తున్నాను. నువ్వే ఏదో ఒకటి నింపుకో.

నిన్న కాల్‌బూబు వచ్చింది. పళ్లెం నిండా అప్పుడే నూనెలో వేయించి తీసిన బోర్సోక్ పట్టుకొచ్చింది. వేరే రోజైతే వాళ్లింటి పిండి గట్టిగా ఉంటుందని ఏదో ఒక వంక పెట్టేదాన్ని. అది నన్ను కావలించుకుని ఏడ్చింది.

"ఒసే బుర్మకాన్! నా మనవడంటే నీకింత ప్రేమ ఉందని నాకు తెలీదే! నేనే ఎప్పుడూ వాడిలో ఇంత మంచి చూడలేదే!"

"నేనూ చూడలేదే" అన్నాను. అదేదో మర్యాదకన్నాననుకుని ఇంకా ఏడ్చింది.

జెనిష్ సంగతి నీకు తెలీదు. ఎండ నెత్తి మీదికొచ్చినా దుప్పట్లోంచి కాలు బయట పెట్టడు. ఆ పిల్లాణ్ణి నమ్ముకుంటే, కనుమ మీద మంచు ఇంక వసంతమే వచ్చి తీయాలి.

కుబాన్ అటక మీంచి ప్రయాణపు సంచీ దించాడు. అడిగితే దుమ్ము దులపడానికన్నాడు. దులిపాక తిరిగి పైన పెట్టలేదు. మంచం పక్కనే ఉంది. దాన్ని చూస్తూ నిద్ర పట్టక, ముందు మాస్కో చలి గురించి భయపడతాను, తర్వాత అక్కడ వాడికి సరైన టీ ఎవరిస్తారని, ఆ తర్వాత పొయ్యి ఆర్పానా లేదా అని.

చిన్నప్పుడు నిన్ను చూసి ఎవరూ "ఛీ, ఎంత వికారంగా ఉన్నాడో" అనలేదా? మీ బిష్కెక్‌లో అందరూ ముద్దుగా ఉన్నాడని పొగిడే ఉంటారు. అందుకే ఇలా తయారయ్యావు. మనకు ప్రాణమైనదాన్ని నలుగురిలో మెచ్చుకుంటామా? దిష్టి కొట్టదూ? అందులోనూ కాయితం మీద? మాటైతే గాలికి పోతుంది. కాయితం ఎంతమంది కళ్లలో పడుతుందో!

విడమరిచి చెబితే తప్ప నువ్వు వినేలా లేవు. సరే. తగిలేదేదో నాకే తగలనీ, వాడికొద్దు.

కుబాన్ మంచి పిల్లాడు. ఈ లోయలో అంత మంచి పిల్లాడు లేడు.

రాసేశాను. వాణ్ణి నా నుంచి దూరం పంపించేయకు.

బుర్మకాన్

మరో మాట: ఆ వాక్యం ఆ పెద్దాయనకు చూపించి వెంటనే కత్తిరించి కాల్చేయి. ఆయన కళ్లు ఎలాంటివో ముందు కనుక్కో.

*

జిల్లా ఉపాధి కేంద్రం,
తొలి మంచు పడిన రోజు

ఏ మంచీ లేని మనవడికి నానమ్మ అయిన బుర్మకాన్ అపా గారికి,

విషయం మళ్లీ పరిశీలించాం. మీ మొదటి ఉత్తరంలో ఉన్నది అక్షరాలా నిజమని తేలింది. మీ మనవడంత చేతకానివాణ్ణి మా కేంద్రం ఇంతవరకు చూడలేదు.

ఎంపిక కోసం వచ్చిన పెద్దాయన పేరు ఇతాల్మాస్. ఆయన ముందుగా మీ ఉత్తరాలన్నీ చదివారు. మొదటిది చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ ముసలమ్మ తిట్టిన పిల్లాడేడయ్యా?" అన్నారు.

"పొద్దున్నే ఎందుకు లేవాలో నేర్చుకుంటున్నాడు సార్. ఈ జెనిష్‌ను చూడండి. పక్కింటావిడ ఎంత పొగిడిందో!"

"పక్కింటి పిల్లాణ్ణి అంతలా పొగిడిందా? పాపం, ఆ పిల్లాడి మీద ఆవిడకేం కోపమయ్యా?" అన్నారు. "నా పేరుకు అర్థం తెలుసా నీకు? కుక్క కూడా ఎత్తుకుపోనివాడు. ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదని మా అమ్మ ఏరి కోరి పెట్టుకుంది. ఇంత ముద్దుపేరు మా ఊళ్లో ఇంకెవరికీ లేదు."

ఆ తర్వాత ఇద్దరికీ పరీక్ష పెట్టారు. జెనిష్ బుల్డోజరెక్కి నిద్రపోయాడు. బుల్డోజరు నిద్రపోలేదు. మా కొత్త సున్నం గోడ పడిపోయింది. అందులో ఇరుక్కున్న బుల్డోజరును మీ మనవడు బయటికి తీశాడు. ఎంత చేతకానివాడంటే, ఒక్క ఇటుక కూడా అదనంగా పడగొట్టలేకపోయాడు.

ఇలాంటివాణ్ణి ఊళ్లో ఉంచడం మంచిది కాదని, ఇతాల్మాస్ గారు అతణ్ణి సోమవారం నుంచి కనుమ మీద పనిలో పెట్టుకున్నారు. వారాంతాల్లో మీ ఇంటి మీదికే తోలేస్తారట. మీరే భరించాలి. మీ చివరి ఉత్తరంలోని ఆ వాక్యాన్ని ఆయనే కత్తిరించి, అగ్గిపుల్ల గీసి, బూడిదయ్యేదాకా చూశారు. గోడ ఎలాగూ పోయింది కాబట్టి అందరం కలిసి ఉమ్మాం కూడా.

జెనిష్ ఇప్పుడు ఉత్సాహం తరగతిలో ఉన్నాడు. మధ్యాహ్నం వస్తున్నాడు.

మీ కోసం ఏమీ చేయలేకపోయిన
మెదెర్

మరో మాట: మొన్న మాకు అమ్మాయి పుట్టింది. అంత అందవికారమైన పిల్లను ప్రసూతి వార్డులో ఎవరూ ఎన్నడూ చూడలేదట. దయచేసి చూడటానికి రావద్దని మా ఆవిడ మరీ మరీ చెప్పమంది.