గబ్రియేలు పని

జూన్ 7, శనివారం

రేపు చర్చిలో తమ్ముడి ప్రసంగం ప్రధాన దూతల మీద. వాక్యాలు నేను చదివాను, వాడు కంఠతా పట్టాడు. వాడికి అక్షరాలు ఆనడం లేదు. కళ్లజోడు పవర్ మారింది, అంతే అంటాడు. సంఘం పెద్దలకు తెలిస్తే పాస్టరు పని నుంచి వాడికి రిటైర్మెంట్ ఇచ్చేస్తారట. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

బాగా చెప్పాడు. దూత మిఖాయేలు ఘటసర్పాన్ని పడదోసిన చోట మైకు అదిరింది. వేదిక దిగేటప్పుడు మెట్టు తప్పాడు. చెల్లి పట్టుకుంది. ఇక కంటి డాక్టరు దగ్గరికి నడవాల్సిందే అంది. ఘటసర్పాలతో పోరాడేవాడు సూదిని చూస్తే సొమ్మసిల్లుతాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

చెల్లిని ఇచ్చింది క్యాథలిక్కులకు. వాళ్ల బైబిల్లో రఫాయేలు అనే దూత కూడా ఉన్నాడు. ఒక ముసలాయనకు చేప పిత్తంతో చూపు తెప్పించాడట. ఆ దూతను వేడుకుంటానంది. మన బైబిలు అరవై ఆరు పుస్తకాల్లో లేనివాడికి నా కేసు ఎందుకే, దానికంటే చేపల బజారుకు పో అన్నాడు తమ్ముడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను గిన్నెలు కడిగాను.

జూన్ 10, మంగళవారం

కంట్లో చుక్కలు వేసి చూశారో లేదో, ఇక చాలని వాడు వెళ్లి కారులో కూర్చున్నాడు. డాక్టరమ్మ నాకు చెప్పింది. శుక్లం ముదిరి, లోపల ప్రెషర్ పెరిగి ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను వెంటనే ఆపరేషన్ చేస్తే దక్కుతుంది. ఆలస్యమైతే అదీ పోతుంది.

చెల్లికి ఫోన్ చేశాను. నువ్వే చెప్పక్కా, నీకు అలవాటేగా అంది.

అలవాటే. నాన్న పోయిన కబురు నేనే చెప్పాను. చెల్లి కడుపులో బిడ్డ గుండె ఆగిందని దానికీ నేనే చెప్పాను. ప్రతిసారీ ముందు భయపడకు అన్నాను, కబురు తెచ్చే దూత గబ్రియేలు లాగే. అందుకే నన్ను గబ్రియేలక్క అంటారు. ఇప్పుడు నేను భయపడకు అన్నానంటే చాలు, వీళ్లు కూలబడటానికి కుర్చీ వెతుక్కుంటారు.

గబ్రియేలు కబురు చెప్పి వెళ్లిపోతాడు. తర్వాత ఆ ఇంట్లోవాళ్లకు తోడు ఎవరుంటారో బైబిల్లో రాసి లేదు.

జూన్ 11, బుధవారం

చెప్పలేదు.

జూన్ 12, గురువారం

ప్రార్థనకు కూర్చున్నాను. అలసిపోయాను ప్రభువా అన్నాను. ఇవాళ్టికి అదే ప్రార్థన.

జూన్ 14, శనివారం, ఉదయం 6

వాక్యం చదవమన్నాడు. బైబిలు మూసేశాను. ఎడమ కన్ను పోయిందిరా, కుడిది ఉంటుంది, గురువారం ఆపరేషన్ అన్నాను.

భయపడకు అనలేదేమిటక్కా, అంత ప్రమాదమా అన్నాడు.

నాకే భయంగా ఉంది, ఇంకొకరికి ధైర్యం చెప్పే ఓపిక లేదు అన్నాను.

వాడు టేబుల్ మీద తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు పక్కనుంటే వస్తానన్నాడు.

జూన్ 18, బుధవారం

చెల్లి చేత ఆ కథంతా చెప్పించుకున్నాను. రఫాయేలు మందు చెప్పి ఊరుకోలేదట. ఆ ముసలాయన కొడుకు వెంట దారంతా నడిచాడట, తానెవరో చివరిదాకా చెప్పకుండా. మన బైబిల్లో లేకపోతే లేకపోయాడు. ఆ పని బాగుంది.

జూన్ 19, గురువారం

సూది పేరు వినగానే సొమ్మసిల్లాడు. పడుకునే ఉన్నాడు కనుక ఎవరూ గమనించలేదనుకుంటున్నాడు.

జూన్ 20, శుక్రవారం

కట్టు విప్పారు. ముందు నన్నే చూశాడు. అక్కా, నీ జుట్టంతా ఎప్పుడు తెల్లబడింది అన్నాడు.

నేను రంగు మానేసి మూడేళ్లయింది.