మెడల్ వెనక నంబరు

వేరా ఆంటీ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం మీరు చదవరని తెలిసే రాస్తున్నాను. ఇవాళ మీ తరఫున పోట్లాడి గెలిచాను, ఆ సంగతి ముందు మీకే చెప్పాలి.

మీరు పోయాక మీ సోవియట్ మెడల్‌ని ఈ బాతెల్ ఊళ్లో మన అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో అద్దాల బీరువాలో పెట్టారు. కింద కార్డు మీద "వేరా భర్తకు యుద్ధంలో వచ్చినది" అని రాశారు. మీరున్నప్పుడూ అందరూ అలాగే అనుకునేవాళ్లు. "అది నాదే" అని మీరంటే నవ్వేసేవాళ్లు. నాకు ఒళ్లు మండింది.

మెడల్ వెనక ఒక నంబరుంది. మీ అబ్బాయి చేత సంతకం పెట్టించి, ఆ నంబరుతో రష్యాలో మిలిటరీ ఆర్కైవ్‌కి రాశాను. ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. మీ అబ్బాయే చదివి చెప్పాడు. పంతొమ్మిదేళ్ల నర్సు, కాల్పులు జరుగుతుండగానే, గాయపడిన పదకొండు మందిని వాళ్ల తుపాకులతో సహా ఈడ్చుకొచ్చిందట. చదువుతూ చదువుతూ ఆగిపోయి, "అమ్మ చెప్పినప్పుడు నేనూ నమ్మలేదు" అన్నాడు.

ఇవాళ ఆ కాగితాలు తీసుకెళ్లి మేనేజర్ ముందు పెట్టాను.

"చిన్న కార్డు, ఎవరు చదువుతారు? తర్వాత చూద్దాం" అన్నాడు.

"నేను చదివాను. మార్చేదాకా ఇక్కడే కూర్చుంటాను" అన్నాను.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివరికి కొత్త కార్డు తీసి, ఏం రాయాలో చెప్పమన్నాడు. మీ పేరు, ఆ కాగితాల్లో ఉన్న మీ సార్జెంట్ హోదా చెప్పాను. పేరుకి ముందు "లేట్" అని పెట్టాలా అని అడిగాడు.

అక్కర్లేదన్నాను.

మీ పక్కింటి
శారద