గడ్డ కరిగిందనడానికి సాక్షులెవరు?

పిన్నికి వందనాలు.

ఇక్కడ అంతా క్షేమం. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పగా మిగిలిన టైములో ఒక పుస్తకం రాస్తున్నాను. తొలినాటి క్రైస్తవులు చెప్పిన అద్భుతాలకు చరిత్రపరంగా ఎంత సాక్ష్యం ఉంది అన్నది విషయం. ఎవరు చూశారు, ఎన్నాళ్ళకు రాశారు, చూసింది రాశారా, విన్నది రాశారా? పౌలు ఉత్తరం ప్రభువును సిలువ వేసిన ఇరవై ఏళ్ళకే వచ్చింది, సువార్తలు ఇంకా ఆలస్యం. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళంటారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ మాటకు విలువ తక్కువ. కల్పించేవాడైతే మగవాళ్ళనే పెట్టేవాడు కదా అని కొందరి వాదన.

నీ అక్క కూతురు

తా.క. పాస్టరుగారితో ఇప్పుడే అనకు.

ప్రశ్నలమ్మకు పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం పాస్టరుగారికి చదివి వినిపించాను. ఆడవాళ్ళ మాటకు విలువ లేదని రాశావేంటే? నిన్ను పెంచిందెవరు? ఆదివారం అందరం నీకోసం ప్రార్థన చేశాం. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నన్ను పరామర్శించి పోతున్నారు. అయినా అంత పాత సాక్షులెందుకు నీకు? నేను బతికే ఉన్నాగా! మెడ మీద గడ్డ లేస్తే పాస్టరుగారు ప్రార్థన చేశారు, కరిగిపోయింది. రాసుకో.

నీ పిన్ని

తా.క. పుస్తకంలో నా ఫొటో వేసేటట్టయితే ముందే చెప్పు. ఊరందరికీ కుట్టానుగాని నాకే మంచి బట్టలు లేవు.

పిన్నీ,

ఏ గడ్డ? ఎప్పట్నుంచి? డాక్టరుకు చూపించావా? పొద్దస్తమానం మెడలో టేపు వేలాడుతూనే ఉంటుందే, ఒక్కసారైనా కొలిచావా? ఆడవాళ్ళ మాట చెల్లదన్నది నేను కాదు, ఆనాటి న్యాయస్థానాలు. పుస్తకం సంగతి వదిలెయ్. ముందు ఆసుపత్రికి వెళ్ళు.

కంగారుతో,
నీ కూతురు

తా.క. కరిగిపోయిందా, కరుగుతోందా? సరిగ్గా రాయి.

చరిత్ర మేడంగారికి,

తిరిగి లేచిన ప్రభువును అయిదువందల మంది చూశారని పౌలు రాస్తే నీకు ఆధారాలు కావాలి. గడ్డ లేచిందని నేనొక్కదాన్ని అంటే ఎగిరి నమ్మేశావు. అదే నోటితో కరిగిందంటే నమ్మవు. ఇదెక్కడి న్యాయమే? నేను ఆసుపత్రికి వెళ్ళను. వెళితే పాస్టరుగారి మొహం ఎలా చూడను? ఇక నాకు ఉత్తరాలు రాయకు.

పిన్ని

తా.క. జవాబు ఆలస్యం చెయ్యకు.

పిన్నీ,

నువ్వడిగింది న్యాయమే. అమ్మ కూడా పోయేముందు తన గడ్డ తగ్గిందనే చెప్పింది, గుర్తుందా? అమ్మ అబద్ధమాడలేదు. తగ్గాలని ఎంత గట్టిగా అనుకుందంటే, చేతికి తగ్గినట్టే తగిలింది. పుస్తకంలో నేను వెతుకుతున్నది మోసగాళ్ళ కోసం కాదు. నిజాయితీగా చెప్పేవాళ్ళు కూడా పొరబడొచ్చు, పొరబడకపోనూవచ్చు. నాకు మిగిలిన అమ్మవు నువ్వొక్కదానివే. నా కోసం వెళ్ళు.

నీ కూతురు

నా బంగారుతల్లికి,

వెళ్ళాను. తీసుకెళ్ళింది ఎవరనుకున్నావు, పాస్టరుగారే! "ఆ రోజే చెప్పాను కదమ్మా, ప్రార్థన చేశాను, ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళమని" అన్నారు. ఒట్టు, నాకు మొదటి సగమే వినబడింది.

గడ్డ ఎక్కడికీ పోలేదే. ఉన్నచోటే ఉంది. ఆ ఆడవాళ్ళు భయపడుతూనే సమాధి దాకా వెళ్ళి చూశారు. నేను అద్దం దాకా కూడా వెళ్ళలేదు. సూదితో కాస్త తీసి పరీక్షకు పంపారు. జీవితమంతా సూదితో బతికినదాన్ని, ఆ ఒక్క సూదికి వణికిపోయాను. ఇవాళ డాక్టరమ్మ పిలిచి, ఉత్త కొవ్వు గడ్డ, ఏ భయమూ లేదంది. బెంచీ మీద కూర్చుని నేనూ పాస్టరుగారూ ఒకళ్ళతో ఒకళ్ళు పోటీపడి ఏడ్చాం. నువ్వు కూడా ఒకసారి ఏడ్చేసి అన్నం తిను.

నీ అమ్మ

తా.క. ఇంటికొచ్చి పడుకుంటే, ఎన్నాళ్ళ నిద్ర బాకీయో, ఎంత లేపినా లేవలేదట. మీ బాబాయి నేను పోయాననుకుని వీధి వీధంతా పిలిచేశారు. అందరూ చూస్తుండగా లేచి కూర్చున్నాను. కళ్ళారా చూసినవాళ్ళు బోలెడుమంది. వేడి చల్లారకముందే వచ్చి రాసుకో.