బట్టీ కాలవకి అడ్డంగా కట్ట

8 డిసెంబరు 1969
ఊరి పక్క పారే గెడ్డ ఇసుకలో తాగునీటికి తవ్వుకున్న చెలమలో మళ్లీ నల్లటి జిడ్డు. ఎగువన జీడిపిక్కలు కాల్చే బట్టీ వదిలిన నీళ్లే, ఒళ్లు పొక్కించే జీడినూనె కలిసినవి. బట్టీ మా అక్క మొగుడిది. ఆ బట్టీలోనే పిక్కలు ఒలిచే పక్కింటి అప్పాయమ్మ ఆ నీళ్లతో మొహం కడుక్కుంది... పెదవులు పొక్కిపోయాయి. నా బడిలో పిల్లలు చేతులు గోక్కుంటూ అక్షరాలు దిద్దుతున్నారు.

9
ఆ నీళ్లు గెడ్డలోకి వదలొద్దని చెప్పడానికి బావ దగ్గరికి వెళ్లాను. కూర్చోమనలేదు.
"గెడ్డలోకి ఒగ్గక నా నెత్తిన పోసుకోమంతావేటే? పిక్కలు వొలిసీది మీ ఊరి ఆడోల్లే. ఆల్లనడుగు."
అక్క కాఫీ తెచ్చింది. ముట్టలేదు. వాళ్లకేం, పెరట్లో బావి ఉంది.

12
టెక్కలి. ప్లీడరు కుర్చీలో వెనక్కి వాలి... "నీళ్లు పాడుచేయకుండా ఢిల్లీలో ఓ బిల్లు పెట్టారమ్మా. చట్టం కావాలి. అయ్యాక కూడా మన రాష్ట్రం ఒప్పుకుంటేనే ఇక్కడికొస్తుంది."
అందాకా?
"దావా వెయ్యొచ్చు. ఏళ్లు పడుతుంది." నవ్వాడు. ఆ తెల్ల చొక్కా మీద సిరాబుడ్డి ఒంపాలనిపించింది.

13
బిల్లు. పిల్లలు ఏం తాగాలి, బిల్లా?

15
బట్టీ కాలవ గెడ్డలో కలిసేచోట ఊరి ఆడవాళ్లమంతా కట్ట వేశాం. బంకమట్టి మొదటి తట్ట అప్పాయమ్మదే. కుచ్చిళ్లు దోపుకుని నేనూ దిగాను. మోకాళ్ల కింద మంట. మండనీ.

17
మురుగు ఎగదన్ని బట్టీ వాకిట్లోకి వెళ్లింది. బావ పరుగున వచ్చాడు.
"గవర్మెంటు ఉజ్జోగం సేత్తన్నావు. గురుతెట్టుకో."
నీళ్లు ఇంకే గొయ్యి తవ్వించు, కట్ట మేమే తీస్తాం అన్నాను. ఉమ్మేసి వెళ్లిపోయాడు.

18
బట్టీ మూసేశాడు. ఆడవాళ్లందరికీ పని లేదన్నాడట... టీచరమ్మనే అడగండి అన్నాడట. పాము.

20
సాయంత్రం మా గుమ్మం ముందు ఆడవాళ్లు. ముందు అప్పాయమ్మ. చేతిలో గునపం.
"నీకు జీతం వత్తాది టీచరమ్మా. మాకు గంజి ఎవులు పోత్తారు?"
మరి నీళ్లో, అన్నాను.
"అయ్యే తాగుతాం. రేపు పొద్దున్న కట్ట కొట్టేత్తాం. అడ్డం రాకు."
బావ మీది కోపమంతా ఇప్పుడు ఆమె మీదికి తిరుగుతోంది. తప్పని తెలుసు. తిరుగుతోంది.
రేపు వెళ్తాను. కట్ట మీద నిలబడతాను. ఆమె గునపం ఎత్తితే...