సుక్రు తెచ్చిన నాలుగు ముడుల తాడు

అరకు,
12-9-2004.

చిరంజీవి జయశ్రీకి మీ నాన్న ఆశీర్వదించి రాయడం. ఇక్కడ మీ అమ్మ మోకాలొకటి తప్ప అంతా క్షేమం. ఆ మోకాలు కూడా సంతరోజున నొప్పి మరిచిపోతుంది. నీకు హాస్టలు తిండి పడుతోందో లేదో రాయలేదు గానీ, కంప్యూటర్ల గురించి నాలుగు పేజీలు రాశావు!

రెండుసార్లు చదివాను. మధ్యలో పెద్ద ఆఫీసంటూ లేకుండా కంప్యూటర్లే ఒకదాని చేతికొకటి కబురు అందించుకుంటాయి. వాటిలో కొన్ని దొంగవి చేరి కబురు మింగేస్తాయి, లేదా "నువ్వు వెతికేది నన్నే" అని బొంకుతాయి. అంతేనా? ఓసి పిచ్చిదానా, ఇది మన శుక్రవారం సంతలో కబుర్లు పంపే పద్ధతే కదా!

దారిలో ఎవరైనా కబురు మింగేస్తే మీకెలా తెలిసేదని అడిగావు. ముఖ్యమైన కబురు ఎప్పుడూ ఒక్కడికే చెప్పం. ముగ్గురికి చెబుతాం. ఆ ముగ్గురూ ఒకే ఊరివాళ్లు కాకూడదు, కూడబలుక్కుంటారు. వాళ్ల దారులు ఎక్కడా కలవకూడదు. అందినట్టు గుర్తు ఇంకొకడి చేత తిరిగి రావాలి. ఇంతే మా చదువు. మీ ప్రొఫెసరుగారికి చెప్పు, నవ్వితే నవ్వనీ.

నీ పరిశోధన పుస్తకం మొదటి పేజీలో "సమయానికి కబురు పంపిన నాన్నకు" అని అచ్చు వేయిస్తానని రాశావు. అది చదివినప్పటినుంచి అన్నం సయించడం లేదు. ఇంజనీరింగు కౌన్సెలింగు నాటి సంగతే కదా. నువ్వు బొర్రాలో పిన్ని ఇంట్లో ఉన్నావు. వానలకు ఫోన్లు పోయాయి, చరియలు పడి రైలు ఆగింది. మంగళవారానికి విశాఖలో ఉండాలని మీ లెక్కల మాస్టారు సంతలో జీపు గంగరాజు చేత నాకు కబురంపారు. అమ్మా, దాన్ని నేనే మింగేశాను. నువ్వు వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుందని భయమేసింది. నా స్వార్థం, ఇంకో పేరు లేదు.

మాస్టారు నాకంటే గట్టివారు. మిరియాలు అమ్ముకోవడానికొచ్చిన సుక్రుకి కూడా చెప్పారు. వాళ్ల గూడెంలో పెళ్లికి పిలిచేటప్పుడు, రోజుకొకటి విప్పుకోమని ఎన్నాళ్లుందో అన్ని ముడులు వేసిన తాడు పంపుతారు కదా, అలాగే నాలుగు ముడులేసి వానలో నడిచి తెచ్చి నీ చేతిలో పెట్టాడు. నేనే పంపానని నువ్వనుకున్నావు. నేను "ఊఁ" అన్నాను.

తర్వాత సంగతి గంగరాజు నోట విని సుక్రు మన కొట్టు దగ్గరికి వచ్చి, "ఏటి బావూ, గుంట సదూకుంటే నీకేటి నట్టం?" అన్నాడు. అంతే. ఇన్నేళ్లలో మళ్లీ ఎత్తలేదు.

చివరి ముడి విప్పకుండా ఆ తాడు దాచుకున్నానన్నావు. మొదటి పేజీలో సుక్రు పేరు వేయించు. దొంగ కంప్యూటర్ల గురించి రాసేచోట కావాలంటే నా పేరు పెట్టుకో. కోపమొస్తే తిట్టు, ఉత్తరం మాత్రం మానకు. చెప్పేశాక నాకు హాయిగా ఉంది, ఇవాళ రెండోసారి అన్నం కూడా వడ్డించుకుని తిన్నాను.

ఈ ఉత్తరం రెండు ప్రతులు రాశాను. ఒకటి అరకు పోస్టులో నేను వేస్తాను. ఇంకొకటి, నా మీద నాకే నమ్మకం చాలక, బొర్రాలో వేయమని సుక్రు చేతికిస్తున్నాను. రెండూ అందితే మీ నాన్న మారాడనుకో. ఒకటే అందితే, సుక్రు మారలేదనుకో.

ఇట్లు,
ఒకసారి నీ కబురు మింగిన
మీ నాన్న
వరహాలరావు