గూడబాతుల తప్పు కాదు

విచారణాధికారి గారికి,

కొల్లేరు మీద కూలిన మూడు శిక్షణ విమానాల గురించి మీ నివేదిక అందింది. మొదటిదానికి పొగమంచు, రెండోదానికి ఇంజను కారణమన్నారు. మూడోది నా భార్య ఇందుజ ఒంటరిగా నడిపినది. దానికి గూడబాతులు అడ్డొచ్చాయని రాసి, వాటి గూళ్లు తొలగించమన్నారు.

ఆమె ఎగరవలసిన ఎత్తులో ఆ పొద్దున పక్షులు లేవు. కైకలూరులో మా డాబా మీదుగా వెళ్లేటప్పుడు ఆమె కొంచెం కిందికి వచ్చేది. "ఏవండీ, దుప్పటి ఊపండి. రుమాలైతే కొంగనుకుని వెళ్లిపోతాను" అని నవ్వేది. నేను దుప్పటి దించాకే పైకి లేచి వెళ్లిపోయేది.

ఆ రోజు చెరువులూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. విమానం నీళ్లలో కూడా ఎగురుతూ కనిపించింది. ఇంకాసేపు చూడాలనిపించి నేను దుప్పటి దించలేదు. ఆమె మరోసారి చుట్టి వచ్చి ఇంకా కిందికి దిగింది. చెరువు మీంచి గూడబాతులు లేచాయి, మెల్లగా, తెల్లగా.

ఆ సమయంలో కాలేజీలో పాఠం చెబుతున్నానని విచారణలో మీతో అన్నాను. అది నిజం కాదు.

ఇప్పుడు ఆ గూళ్లలో పిల్లలున్నాయి. దయచేసి కారణం మార్చండి. ఆమె తనంతట తాను కిందికి రాలేదనీ, భర్త పిలిచాడనీ రాయండి.

ఇందుజ భర్త